వీరాంజనేయులు గారి ఆపద్ధర్మ పాలన

లండన్ చివర, హౌన్స్‌లో వెస్ట్ అనే స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఆ ఇంటి మీదుగా విమానాలు ఎంత కిందనుంచి పోతాయంటే, వంటింట్లో మాట్లాడుకునేవాళ్ళు మాట మధ్యలో ఆపేసి, చప్పుడు తగ్గాక మళ్ళీ అక్కడినుంచే అందుకుంటారు. ఆ కాస్త విరామం కూడా వృథా కానివ్వని మనిషి ఆ ఇంట్లో ఒక్కరే, వీరాంజనేయులు అంకుల్. విమానం పోయేలోపు స్టవ్ తుడిచేసేవారు.

ఇల్లు ఆయన పేరు మీద ఉండేది. సొంతిల్లు కాదు. ఓనరు గిల్ గారి దగ్గర ఇల్లు మొత్తం అద్దెకు తీసుకుని, కింద ముందుగది తను ఉంచుకుని, మిగతావి పిల్లలకి ఇచ్చారు. నంద్యాల మనిషి. ఎయిర్‌పోర్టు పక్కన ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. భార్య ప్రసన్నలక్ష్మి నంద్యాలలోనే స్కూల్లో టీచరు, ఉద్యోగం వదిలి రాలేక ఉండిపోయింది. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ టైమర్ ఎప్పుడో చెడిపోతే గిల్ గారు బాగు చేయించలేదు కాబట్టి, తెల్లవారుతూనే లేచి చేత్తో హీటింగ్ వేసేది అంకులే. గురువారం పొద్దున చెత్త బిన్లు రోడ్డు పక్కకి తోసేదీ ఆయనే. పిడి రోడ్డు వైపుకి ఉండాలి, కౌన్సిల్ వాళ్ళు లాక్కోవడానికి వీలుగా. అది ఆయన పట్టింపు.

పిల్లలు నలుగురు. కరీంనగర్ శశాంక్, గుంటూరు మణిదీప్ ఇద్దరూ డేటా సైన్సు, అందరిలాగే. భీమవరం మధులిక చదువు పూర్తి చేసి, ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో చేరింది. నాలుగోది అనకాపల్లి రిషిత. ఈ అమ్మాయి ఇంత డబ్బు పోసి లండన్ వచ్చి రాజకీయశాస్త్రం చదువుతోంది. అదీ హాలండు రాజకీయాలు. ఎన్నికలయ్యాక అక్కడ ప్రభుత్వం ఎందుకు ఓ పట్టాన ఏర్పడదు అన్నది ఆమె డిసర్టేషన్. "మన గోల చాలక వాళ్ళ గోల ఎందుకే" అని మధులిక వెక్కిరించేది. మణిదీప్ అయితే వినడానికి కూడా ఓపిక లేనట్టు ఫోన్ చూసుకునేవాడు.

విన్నది అంకుల్ ఒక్కరే. రాత్రి అన్నాలయ్యాక ఉల్లిపాయలు తరుక్కుంటూ అడిగేవారు. నవంబరులో అక్కడ ఎన్నికలు జరిగాయి, పదిహేను పార్టీలు గెలిచాయి, ఎవరికీ మెజారిటీ రాలేదు. ముందు ఒక మనిషిని పంపి ఎవరు ఎవరితో కూర్చుంటారో వాకబు చేయిస్తారు. తర్వాత ఇంకొకరు మధ్యవర్తిగా కూర్చుని మాటలు కలుపుతారు. అవన్నీ కుదిరితేనే మంత్రుల సంగతి.

"మరి అంతవరకు ఊరికే ఉంటారా దేశమంతా?" అన్నారాయన.

"లేదంకుల్. పోయిన వేసవిలో రాజీనామా చేసినవాళ్ళే నడుపుతూ ఉంటారు. కొత్తవాళ్ళు ప్రమాణం చేసేదాకా వాళ్ళు పోవడానికి లేదు. మన పేపర్లలో ఆపద్ధర్మ ప్రభుత్వం అంటారు కదా, అదే."

"దిగిపోయినా దిగనీయరన్నమాట." ఆయనకి ఆ మాట తెగ నచ్చింది. "ఏమైనా చేయొచ్చునా వాళ్ళు?"

"ఉహు. పార్లమెంటు ఏదైనా విషయం వివాదాస్పదం అని ప్రకటిస్తే ఇక దాని జోలికి పోకూడదు. రోజువారీ పనులు మాత్రం చేస్తుంటారు."

"అంటే చెత్త ఎత్తేది ఆపరు."

"ఆపరు" అని నవ్వింది రిషిత.

ఆ రోజునుంచి ఆమె కాలేజీ నుంచి వచ్చి షూ విప్పుకుంటుంటే చాలు, వంటింట్లోంచి ఒకటే ప్రశ్న. "ఏం పాపా, హాలండోళ్ళకి ఇంగా గవర్నమెంటు కాలేదా?" కాలేదంకుల్, అనేది. "పాపం" అనేవారు. ఎవరిని పాపం అన్నారో, హాలండు వాళ్ళనో, దిగిపోయీ పోలేని ఆ మంత్రులనో, ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు అంకుల్ ఆఫీసుకి పోతూ బస్‌స్టాప్‌లో కుప్పకూలిపోయారు. గుండె. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది. శవపేటికని నంద్యాలకి పంపే రోజున నలుగురూ సెలవు పెట్టి వెళ్ళారు. ఎయిర్‌పోర్టుకి తీసుకుపోయే వ్యాను తలుపు మూయబోతుంటే రిషిత ముందుకెళ్ళి పేటిక మీద చెయ్యి పెట్టింది. ఏడుపులో నోటికి ఏమొస్తే అదే అంది. "వెళ్ళిరండి అంకుల్." పైన విమానం పోతోంది. ఎవరూ పట్టించుకోలేదు.

గిల్ గారు మంచివాడే. నలుగురినీ వంటింట్లో కూర్చోబెట్టి, కాంట్రాక్టు మీద ఒక్క పేరే ఉండాలి, అందరూ ఒప్పుకుని ఆ పేరు చెప్పండి, వేసవి దాకా ఆగుతాను అన్నాడు. ఒక్క పేరు. అంతకంటే తేలికైన పని ఉందా?

ఉంది. చంద్రుడి మీదకి రాకెట్టు పంపడం తేలిక. మధులిక పేరంటే శశాంక్ ఒప్పుకోడు, వాడి చికెన్ డబ్బా ఫ్రిజ్‌లోంచి తీసి పారేసినందుకు. శశాంక్ అయితే మణిదీప్‌కి కుదరదు, ముందుగది వాడికి పోతుందని. మణిదీప్ అయితే వారానికోసారి ఫ్రెండ్స్ వచ్చి హాల్లో దొర్లుతారు కాబట్టి తను ఇల్లు మారిపోతానంది మధులిక. రిషిత పేరు వచ్చింది. ఆమెకి చదువయ్యాక ఉండాలో పోవాలో తెలియదు, తనే వద్దంది. సరిగ్గా ఆ రోజుల్లోనే హాలండులో నాలుగు పార్టీలు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒక నాయకుడు లేచి వెళ్ళిపోయాడు. రిషిత ఆ వార్త చదివి, వంటింట్లో తలుపు ధడాలున వేసి పైకి పోయిన శశాంక్‌ని తలుచుకుని, చదువు ఇంటికి కూడా తోడు వచ్చిందని నవ్వుకుంది. నవ్వుకున్న రోజులు అవే ఆఖరు.

బిన్ల సంగతి ఆమెకి మార్చిలో తట్టింది. నలుగురూ మాట్లాడుకోని ఇంట్లో గురువారం గురువారం బిన్లు బయటికి ఎలా వెళ్తున్నాయి? మధులిక చేస్తోందనుకుంది. మధులికేమో మణిదీప్ అనుకుంటోంది. ఒక గురువారం పొద్దున్నే లేచి వంటింటి కిటికీలోంచి చూసింది. బిన్ను పక్క సందులోనే ఉంది. కెటిల్ కూత పెడితే వెనక్కి తిరిగి ఆపింది, అంతే. మళ్ళీ చూసేసరికి బిన్ను రోడ్డు పక్కన ఉంది. పిడి రోడ్డు వైపుకి తిరిగి ఉంది. సందులో తడి నేల మీద రెండు చక్రాల జాడలున్నాయి, అడుగుల జాడ లేదు. రిషిత టీ కలపకుండా పైకి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని, కాలేజీ టైమయ్యేదాకా మంచం మీదే కూర్చుంది.

తర్వాత ఒక్కొక్కటే తెలిసొచ్చాయి. టైమరు లేని బాయిలర్ తెల్లవారుతూనే గుప్పుమని అంటుకుంటోంది. స్టవ్ మీద పొంగిన పాలు, విమానం పోయేలోపు, కనబడకుండా పోతున్నాయి. మెట్ల మీద స్లిప్పర్ల చప్పుడు. ఆ స్లిప్పర్లు మాత్రం పోర్చ్‌లో, సామానంతా నంద్యాల పంపినప్పుడు మరిచిపోయిన చోటే, దుమ్ముపట్టి కదలకుండా ఉన్నాయి.

ఏప్రిల్లో ఒక సాయంత్రం హాల్లో కూర్చుని రాసుకుంటూ, ఎదురుగా మణిదీప్ ఉంటే, వివాదాస్పద విషయాల సంగతి వాడికి చెప్పింది. "ఉదాహరణకి మనింట్లో హీటింగ్ ఉందనుకో. బిల్లు ఎక్కువొస్తోందని రోజూ కొట్టుకుంటున్నాం కదా. హీటింగ్ వివాదాస్పదం అని ప్రకటిస్తే, ఆపద్ధర్మంలో ఉన్నవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు." మాటవరసకి అంది. మరునాడు ఇల్లు మంచుగడ్డలా ఉంది. ఆ మరునాడూ అంతే. మూడో రోజు హాల్లో ఎవరూ లేకుండా చూసి, తనకే నవ్వొచ్చేంత చిన్న గొంతుతో, "హీటింగ్ వివాదాస్పదం కాదు" అంది. తెల్లవారుతూనే బాయిలర్ గుప్పుమంది.

రిషితకి అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఇంట్లో ఏదో ఉందని కాదు. ఆ ఉన్నది తను చెప్పిన పాఠం తు.చ. తప్పకుండా పాటిస్తోందని.

మే నెలలో ప్రసన్నలక్ష్మి ఆంటీ ఫోన్ చేసింది. ఫార్మాలిటీగా బాగోగులడిగింది గానీ గొంతు వేరే ఎక్కడో ఉంది.

"పాపా, నిన్న మాసికం పెట్టినాం. మళ్ళా కాకి ముట్టలేదు. పదకొండో రోజునుంచీ అంతే. వస్తాది, గోడ మీద కూచుంటాది, చూస్తాది, పోతాది. ఆయనకు ఏం కోరికుండాదో నాకు తెలీడం లేదు. అయ్యవారేమో, సాగనంపేటప్పుడు ఎవరన్నా నోరు జారినారేమో కనుక్కోమన్నాడు."

"నోరు జారడమంటే?"

"చావింట్లోంచి పోయేటప్పుడు వస్తామని చెప్పం కదా పాపా. పోయినోళ్ళను కూడా రమ్మనం. ఆయన పోలేకపోతాండాడు. అది ఒకటే నాకు గుండెకోత."

రిషిత ఫోన్ పట్టుకుని గదిలోకి పోయి తలుపు వేసుకుంది. బడికి పోతున్నా, బజారుకి పోతున్నా, పోతానన్న మాట నోటితో అనకూడదని చిన్నప్పుడు అమ్మ నెత్తిన మొట్టి మరీ నేర్పింది. వెళ్ళొస్తాను అనాలి. వెళ్ళిరండి అనాలి. మన మాటలో మనిషిని సాగనంపడమంటే మళ్ళీ రమ్మని పిలవడమే. ఆ పిలుపే ఆ రోజు తను వ్యాను దగ్గర పిలిచింది. పిలిచిన మనిషి కాదనే రకం కాదు, వచ్చారు. వచ్చి, తనకి అప్పజెప్పిన పని చేస్తున్నారు.

ఆంటీకి నిజం చెప్పలేకపోయింది. ఆ మాట తనే తుడిచేస్తానని మాత్రం తనలో తను అనుకుంది. ఆ సాయంత్రమే ఒకసారి ప్రయత్నించింది. ఖాళీగా ఉన్న ముందుగది గుమ్మంలో నిలబడి, "అంకుల్, ఇక మీరు వెళ్ళండి" అంది. లోపల ఏ అలికిడీ లేదు. గురువారం బిన్ను మామూలుగానే రోడ్డు పక్కన ఉంది. కాకపోతే వంకరగా ఉంది. కొత్తవాళ్ళు రానిదే పాతవాళ్ళు పోవడానికి లేదు. ఆ నియమం కూడా ఆయనకి తనే చెప్పింది.

అప్పటినుంచి ఆయన అలిసిపోతున్నట్టు తెలిసిపోయేది. స్లిప్పర్ల చప్పుడు మెట్టుకో చోట ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలయ్యేది. ఒక గురువారం బిన్ను సందు మధ్యలోనే ఆగిపోయి, లారీ వచ్చే వేళకి ఎలాగో రోడ్డు చేరింది. మనిషి బతికుండగా అలిసిపోతే పడుకుంటాడు. ఈయనకి పడుకునే చోటు కూడా లేకుండా చేశానని రిషిత కుమిలిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురినీ వంటింట్లో కూర్చోబెట్టి అంతా చెప్పేసింది. పిచ్చిదనుకుంటారని సిద్ధపడే చెప్పింది. చెప్పడం అయ్యాక ఎవరూ నవ్వలేదు.

"నాకెర్కనే" అన్నాడు శశాంక్, బల్ల వైపు చూస్తూ. "షిఫ్టు నుంచి వచ్చేసరికి అన్నం గిన్నె మీద మూత పెట్టి ఉంటది. నేనెన్నడు పెట్టలే."

మధులిక కళ్ళు తుడుచుకుంది. "నా డ్యూటీ ఎంత లేటయినా పోర్చ్ లైటు వెలుగుతూనే ఉంటదే. మీరెవరూ వెయ్యరని నాకు తెలుసు."

"నన్ను పొద్దున తలుపు కొట్టి లేపుతారు" అన్నాడు మణిదీప్. "రెండుసార్లు కొడతారు, అంకుల్ కొట్టినట్టే. మొదటిరోజు భయమేసింది. తర్వాత అలారం పెట్టుకోవడం మానేశా."

విమానం ఒకటి వచ్చి, ఇల్లంతా వణికించి, పోయింది. అందరికీ తెలుసు. తెలిసే ఎవరి గదిలో వాళ్ళు మూడు నెలలుగా నోరు మూసుకుని కూర్చున్నారు. గదికోసం కొట్టుకున్నదీ, చికెన్ డబ్బా గొడవా, అవన్నీ ఉత్త సాకులు. ఒక్క పేరు చెబితే ఆయన వెళ్ళిపోతారని నలుగురికీ లోలోపల తెలుసు. ఇంత పరాయి దేశంలో, తలుపు తట్టి లేపే చెయ్యి వదులుకోవడానికి ఎవరు ముందుకొస్తారు?

"ఉండనియ్‌రాదె" అన్నాడు శశాంక్. "మనకెవరున్నరు ఈడ?"

"ఆంటీకి ఎవరున్నారు?" అంది రిషిత. "ఆయన మెట్లెక్కుతుంటే వినట్లేదా నువ్వు? ఆయాసపడుతున్నారు శశాంక్. నాకూ వెళ్ళనివ్వాలని లేదు. పిలిచిందే నేను. కానీ మనం సుఖంగా ఉన్నన్నాళ్ళూ ఆయన మోస్తూనే ఉంటారు."

మెట్ల మీద చప్పుడు మొదలైంది. పట్టపగలు, నలుగురూ ఒకచోట ఉండగా వినడం అదే మొదటిసారి. ఒక మెట్టు. చాలాసేపు ఏమీ లేదు. ఇంకో మెట్టు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఆయన కిందికి దిగేదాకా అలాగే కూర్చున్నారు. దిగాక మధులిక, "ఎవర్ని పెడదాం మరి?" అంది.

అప్పుడూ తేలలేదు. పేరు పేరుకీ అవే మొహాలు. దారి చూపింది చివరికి హాలండే. మే నెలాఖరుకి అక్కడ నాలుగు పార్టీలవాళ్ళు, మాలో ఏ నాయకుడూ ప్రధాని కాడు అని ఒప్పుకుని, ఏ పార్టీలోనూ లేని ఒక అధికారిని బయటినుంచి తెచ్చుకున్నారు. ఒకరి కింద ఒకరు ఉండలేనివాళ్ళు నలుగురూ కలిసి పరాయి మనిషి కింద ఉండగలరు. రిషిత ఆ వార్త పట్టుకుని మధులిక గదికి పరిగెత్తింది. మధులికకి తెలిసిన నర్సు ఒకామె ఉంది, స్నేహలత. నార్తాంప్టన్ నుంచి ఇటు ఉద్యోగం మారి ఇల్లు వెతుక్కుంటోంది. ఆమెతో ఎవరికీ గొడవ లేదు, ఎందుకంటే మధులికకి తప్ప ఎవరికీ ఆమె తెలియదు. శశాంక్ ముందుగది వదులుకున్నాడు, మణిదీప్ ఫ్రెండ్స్‌ని వదులుకున్నాడు, మధులిక ఫ్రిజ్‌లో కింది అర మాంసానికి వదిలేసింది. రిషిత, చదువయ్యాక కూడా ఏడాది ఇక్కడే ఉంటానని మాటిచ్చింది.

జూలై మొదట్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం, స్నేహలత వచ్చి గిల్ గారి ముందు సంతకం చేసి, వారాంతంలో సామాను తెచ్చుకుంటానని వెళ్ళింది. అదే రోజు హాలండు కొత్త మంత్రులు ప్రమాణం చేశారు. ప్యాలెస్ మెట్ల మీద రాజుతో కలిసి వాళ్ళు దిగిన ఫోటో రిషిత ఫోన్‌లో చూసింది. అందులో పాతవాళ్ళు లేరు.

సాయంత్రం ఏడైనా ఎండ పసుపుగా ఇంట్లోకి పడుతూనే ఉంది. నలుగురూ కింద నడవలో, వీధి తలుపుకి కాస్త ఎడంగా నిలబడ్డారు. రిషిత మెట్ల పైకి చూస్తూ చెప్పింది.

"అంకుల్, హాలండోళ్ళకి గవర్నమెంటు వచ్చింది. మనకీ వచ్చింది."

మెట్ల పైన స్లిప్పర్ల చప్పుడు మొదలైంది. ఈసారి మెట్టు మెట్టుకీ ఆగలేదు. కిందికి దిగి, వాళ్ళ నలుగురి మధ్యలోంచి సాగింది. శశాంక్ తెలియకుండానే పక్కకి జరిగి దారిచ్చాడు. ఉల్లిపాయ వాసన ఒకటి దాటిపోయింది. వీధి తలుపు దగ్గరికి వెళ్ళి ఆ చప్పుడు ఆగింది.

ఆగి, ఎదురుచూసింది. ఎవరింట్లోంచైనా మనిషి గడప దాటే ముందు ఒక్క క్షణం ఆగుతాడు, లోపలినుంచి ఒక మాట కోసం. నలుగురి నోళ్ళలోనూ ఆ మాట నిండుగా ఉంది. మధులిక "వెళ్ళి..." అనబోయి చేత్తో నోరు గట్టిగా మూసుకుంది. శశాంక్ గోడ వైపు తిరిగిపోయాడు. ఇప్పుడు అనాల్సింది, రిషిత పుట్టి ఇన్నేళ్ళలో ఇంట్లోవాళ్ళతో ఎన్నడూ అనని మాట. ప్రేమ ఉన్నవాళ్ళని అలా ఎవరంటారు? గుండె రాయి చేసుకుంది.

"వెళ్ళండి అంకుల్" అంది. ఆ తర్వాత, అది సరిపోదేమోనని భయపడి, "ఇక రాకండి" అంది.

తలుపు తెరుచుకోలేదు. దాని చట్రంలో రంగు అద్దం మీద ఎండ ఒక్కసారి ఆరి, మళ్ళీ వెలిగింది. పోర్చ్‌లో స్లిప్పర్ల మీద దుమ్ము అలాగే ఉంది.

మరునాటి సాయంత్రం నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. ఆంటీ ఏడుస్తోంది, కానీ అది వేరే ఏడుపు. మాసికమట. విస్తరి గోడ మీద పెట్టీ పెట్టకముందే కాకి వాలిందట.

గురువారం పొద్దున రిషితకి లారీ చప్పుడుతో మెలకువొచ్చింది. ఇల్లు చల్లగా ఉంది. మణిదీప్ తలుపు ఎవరూ కొట్టలేదు, వాడు ఇంకా నిద్రపోతున్నాడు. కిందికి పరిగెత్తి తలుపు తీసేసరికి లారీ వీధి మలుపు తిరుగుతోంది. అన్ని ఇళ్ళ ముందూ ఖాళీ బిన్లున్నాయి. వీళ్ళది పక్క సందులో, నిండా చెత్తతో, మూత కూడా పడకుండా, ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది.

శశాంక్, మధులిక కూడా వచ్చి వెనకాల నిలబడ్డారు. నిన్నే తొయ్యాల్సింది అని ఎవరూ ఎవర్నీ అనలేదు. రిషిత గడప మీద కూర్చుని, ఫిబ్రవరిలో కూడా ఏడవనంతగా ఏడ్చింది. కాసేపటికి శశాంక్ వెళ్ళి, లారీ మళ్ళీ వచ్చేది వచ్చేవారమే అని తెలిసి కూడా, ఆ బిన్నుని రోడ్డు పక్కకి తోసుకెళ్ళి, పిడి రోడ్డు వైపుకి తిప్పి పెట్టాడు.